వానలో మోటారు సైకిలు: ధైర్యమా, సాహసమా?

వాన కోసం కళ్లు కాయలు కాచేటట్లు ఎదురుచూచే సీమలో వానకు జాగ్రత్తపడే అలవాటు పెరగదు. మలబారులో పుట్టినవానికి తడిసిన బాట చిన్ననాటి నేస్తం. పాలమూరు, నల్లగొండ మెట్టసీమల సంగతి వేరు. ఏడాది మొత్తం మీద ఆరేడు వందల మిల్లీమీటర్ల వర్షం కురిస్తే ఇక్కడ మంచి కాలమైనట్లే. అదైనా నెలల తరబడి సన్నగా కురిసేది కాదు. కొద్ది దినాలలో కుండపోతగా కురిసి, తక్కిన దినాలలో మొగం చాటుచేసేది. మృగశిర కార్తె దగ్గరపడినది మొదలు రైతు మబ్బు వంకనే చూస్తూ ఉంటాడు. ఆ మబ్బు దిగివచ్చిననాడు ఆతనికి కలిగేది సంతోషమే గాని శంక కాదు. ఆ సంతోషంలోనే మోటారు సైకిలు తీసి విత్తనాల దుకాణానికి బయలుదేరుతాడు. ఏడాది పొడుగునా రోడ్డు అన్నింటికంటె జారుడుగా ఉండే గడియలు సరిగ్గా అవే.

కారణం కష్టమైనదేమీ కాదు. నెలల తరబడి ఎండిన తారురోడ్డు మీద లారీల నుంచీ ట్రాక్టర్ల నుంచీ కారిన నూనె, అరిగిన టైర్ల రబ్బరు పొడి, ఎర్రచెల్కల దుమ్ము పొరలు పొరలుగా పేరుకొని ఉంటవి. తొలకరి చినుకులు వాటిని కడిగివేయవు, కలుపుతవి. ఆ కలిసిన పూత సబ్బునీళ్ల వలె రోడ్డు మీద పరచుకొంటుంది. వాన గట్టిగా కురిసి కొంతసేపు గడిస్తేగాని అది కొట్టుకొనిపోదు. అంటే సన్నజల్లును చూచి "ఈ మాత్రానికేమి" అని వేగం తగ్గించనివాడు, జడివానను చూచి జంకి నెమ్మదించినవానికంటె ఎక్కువ అపాయంలో ఉన్నాడన్నమాట. లోకం మాత్రం జల్లును అల్పంగానూ జడివానను ఘనంగానూ లెక్కిస్తుంది. ఈ లెక్క తప్పు.

ఆత్మకూరు పేరు వింటే సాహిత్యాభిమానులకు ముందు స్ఫురించేది సంస్థానం. అమరచింత సంస్థానానికి అది రాజధాని. గద్వాల, వనపర్తులతోపాటు కవిపండితులను ఆదరించిన గడప. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాల గడపలు ఎక్కినవారే. (పాత పాలమూరు, నల్లగొండ జిల్లాలలో ఆత్మకూరులు మూడు ఉన్నవి: ఒకటి నేటి వనపర్తి జిల్లాలో, ఒకటి సూర్యాపేట జిల్లాలో, ఒకటి యాదాద్రి భువనగిరి జిల్లాలో. ఇక్కడి ప్రస్తావన ముఖ్యంగా జూరాలకు దగ్గరగా ఉన్న మొదటిదానిని గురించి. అయితే చెప్పబోయే మాటలు మూడింటికీ వర్తించకపోవు.) ఆనాటి పండితులు మేనాలలోను ఎడ్లబండ్లలోను వచ్చి, సంభావనలు పుచ్చుకొని, వాన వెలిసిన తరువాత తిరిగిపోయేవారు. ఈనాడు ఆ ఊళ్లో ప్రయాణమంటే మోటారు సైకిలే. జనం దానిని ఆ పేరుతో పిలవనైనా పిలవరు, "బండి" అంటారు. ఎడ్లబండి పేరు మోటారు సైకిలుకు సంక్రమించిందంటే, ఎడ్లబండి చేసిన పనులన్నీ దానికి సంక్రమించినవని అర్థం.

1955 ప్రాంతాన మద్రాసులో బుల్లెట్టు తయారీ మొదలైననాడు మోటారు సైకిలు సైనికులకూ పోలీసులకూ కలిగినవారికీ పరిమితమైన వస్తువు. 1985లో నూరు సీసీల హీరో హోండా బజారులోకి వచ్చిన తరువాత పరిస్థితి మారింది. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే బండ్లు పల్లెకు చేరినవి. పాలక్యాను, యూరియా బస్తా, బడికి పోయే ఇద్దరు పిల్లలు, ఆసుపత్రికి పోవలసిన ముసలితల్లి - అందరూ దాని మీదనే. కాబట్టి వానలో మోటారు సైకిలెక్కేవాడు ఏదో వినోదం కోసం ఎక్కుతున్నాడనీ, బుద్ధి ఉంటే ఇంట్లో కూర్చునేవాడనీ కొందరు పెద్దలు విసుక్కోవడం న్యాయం కాదు. బస్సు రాని ఊరివానికి బండి విలాసం కాదు. వానాకాలంలో పొలం పని ఆగదు, పాల సేకరణ ఆగదు, రోగమూ ఆగదు. ఎక్కక తప్పదు గనుక ఎట్లా ఎక్కవలెనన్నదే ఆలోచించవలసిన విషయం.

ఇక్కడ ఒక మాటను గురించి కొంచెం చెప్పవలసి ఉన్నది. ఒక మాట అర్థం మారినందువల్ల కూడా ప్రాణాలు పోగలవేమో! సాహసమనే మాటను లోకం నేడు మెచ్చుకోలుగా వాడుతున్నది. ధర్మశాస్త్రాలలో అది మెచ్చుకోలు కాదు. బలం చూచుకొని చేసే నేరానికి ఆ పేరు. మనువు పదునెనిమిది వ్యవహారపదాలలో సాహసాన్ని ఒకటిగా లెక్కించాడు. ముందువెనుకలు చూడక చేసే పని అన్నది కావ్యభాషలోని అర్థం. తండ్రి మీది కోపంతో బండరాయి పట్టుకొని అటకెక్కి కూర్చున్న భారవి కథ తెలుగువారికి సుపరిచితం. ఆ కథ చెప్పేదీ ఈ తొందరపాటును గురించే. ధైర్యం సంగతి వేరు. ధీరుడనే మాటను వ్యాఖ్యాతలు ధీ శబ్దంతో ముడిపెట్టి బుద్ధిమంతుడని అర్థం చెప్పుతారు. వానలో బండి నడిపేవానికి కావలసినది ఈ రెండవది. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, రక్తం వేడి మీద ఆధారపడినదీ కాదు. తెలిసికొని, చేసి చూచి సంపాదించుకొనవలసినది.

ఏమి తెలిసికొనవలె? మొట్టమొదట, బండికీ భూమికీ గల సంబంధం ఎంత సన్ననిదో తెలిసికొనవలె. ఒక్కొక్క చక్రం నేలను తాకేది అరచేయంత చోటైనా ఉండదు. మనిషి, బండి, బస్తా - ఇంత బరువూ ఆ కొద్దిపాటి రబ్బరు పట్టు మీదనే నిలిచి ఉన్నది. టైరు గాడులు నీటిని పక్కలకు తోసివేస్తేనే ఆ రబ్బరు రోడ్డును పట్టుకొంటుంది. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న మిట్టలు ఉంటవి. టైరు అరిగి ఆ మిట్టల మట్టానికి వచ్చిందంటే దాని ఆయువు తీరినట్లు. ఎండాకాలంలో ఇంకా రెండు నెలలు ఈడ్వగలిగిన టైరును వానాకాలంలో ఈడ్వరాదు. తొలకరికి ముందు నాగలి కర్రు సరిచేసికొనే రైతు టైరు వంక కూడా ఒకసారి చూచుకొంటే బాగుంటుంది.

రెండవది బ్రేకు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. ఎదుట గేదె కనిపించి, అది గేదె అని మనసుకు తోచి, చేయి బ్రేకు మీదికి పోయేలోపల ఒక సెకను గడుస్తుంది. 14 మీటర్లు పోతవి. ఆపైన పొడి తారు మీద, రెండు బ్రేకులూ చక్కగా పనిచేసినప్పుడు, బండి నిలవడానికి ఇంకొక 14 మీటర్లు కావలె. మొత్తం 28. రోడ్డు తడిసి పట్టు సగానికి దగ్గరగా పడిపోయినప్పుడు ఆ రెండవ 14 మీటర్లు 25 మీటర్లవుతవి, మొత్తం 39. నూనెపూత ఉన్నచోట ఇంకా ఎక్కువ. అయితే ఈ లెక్కలోనే ఊరట కూడా ఉన్నది. అదే తడిరోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు సుమారు 27 మీటర్లలో నిలవగలడు. అంటే పొడిరోడ్డు మీద 50తో పోయేవానికి సమానంగా. తగ్గించవలసినది పది కిలోమీటర్లు. పాతిక కిలోమీటర్ల ప్రయాణంలో దీనివల్ల కలిగే ఆలస్యం ఏడున్నర నిమిషాలు. చాయ్ తాగడానికి ఆగినవాడు ఇంతకంటె ఎక్కువసేపు కూర్చుంటాడు.

పల్లెలలో ఒక అపోహ గట్టిగా పాతుకొని ఉన్నది: ముందు బ్రేకు పట్టితే బండి తలకిందులవుతుందని. అందుచేత చాలామంది కుడికాలినే నమ్ముకొంటారు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. వెనుక చక్రం తేలికపడుతుంది. తేలికపడిన చక్రాన్ని కాలితో గట్టిగా తొక్కితే అది తిరగడం మాని జారడం మొదలుపెడుతుంది. బండి తోక ఊపి పక్కకు పడుతుంది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకొనేవాడు "రోడ్డు జారింది" అంటాడు గాని, జారేటట్లు చేసినది తన పాదమని ఒప్పుకోడు. ముందు బ్రేకు లేకుండా తడిరోడ్డు మీద బండి తగినంత త్వరగా ఆగదు. కాని దానిని పిడికిలి బిగించి పట్టితే ముందు చక్రమే జారుతుంది. అది ఇంకా చెడ్డది. రెండింటినీ కలిపి, మెల్లగా మొదలుపెట్టి, క్రమక్రమంగా బిగించవలె; బండి నిటారుగా ఉన్నప్పుడే, మలుపుకు ముందే ఆ పని ముగించుకొనవలె. పాలు పితికేవాని వేళ్లకు ఈ కిటుకు తెలుసు: లాగడం కాదు, అదుముతూ పోవడం. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లలో 125 సీసీలకు మించినవాటికి చక్రం బిగుసుకోకుండా చూచే ఏబీఎస్, చిన్నవాటికి కనీసం రెండు బ్రేకులను కలిపి పట్టే సీబీఎస్ తప్పనిసరి అయినవి. మంచిదే. అంతకుముందు కొన్న బండ్లకు మాత్రం ఆ విద్య నడిపేవాని వేళ్లలోనే ఉండవలె.

ఈ విద్య చదివితే రాదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్చినవాడెవడు? సన్నగా వాన పడుతున్న సెలవురోజున, ఎవరూ లేని మైదానంలో, ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతూ రెండు బ్రేకులనూ పదిమార్లు పట్టి చూచినవానికి తన బండి ఎక్కడ నిలుస్తుందో చేతులకు తెలుస్తుంది. భుజాలు బిగబట్టక వదులుగా ఉంచడం, క్లచ్చు గభాలున వదలకపోవడం, దిగుడు బాటలో తక్కువ గేరులో ఇంజనునే బ్రేకుగా వాడుకోవడం - ఇవన్నీ అక్కడ గంటసేపట్లో పట్టుబడుతవి. లైసెన్సు పరీక్షలో అంకె ఎనిమిది వలె బండి తిప్పించి చూస్తారు. తడినేల మీద నిలపడం వచ్చునా అని చూచేవారు లేరు. ఇది పెద్దలోపమనే చెప్పవలె.

ఇక ఈ సీమ రోడ్లకు ప్రత్యేకమైన అపాయాలు కొన్ని ఉన్నవి. పుస్తకాలలో వీటి ప్రస్తావన ఉండదు. జూరాల కాలువ నీరు వచ్చిన తరువాత చెల్కలు చాలాచోట్ల వరిమళ్లయినవి. నాట్ల కాలంలో కరిగెట చేసిన ట్రాక్టరు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కి ఇంకొక మడికి పోతుంది. అది రాల్చిన బురద ఎండలో గడ్డకట్టి, వానకు మళ్లీ మెత్తబడి, మలుపులలో పొంచి ఉంటుంది. ఎర్రమట్టి అయితే కొంత నయం. నల్లరేగడి అయితే టైరు గాడులను పూర్తిగా పూడ్చివేస్తుంది. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. అకాలవర్షం వచ్చినప్పుడు కుప్ప మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి ఇంటికి పోతారు. చీకటిలో, వానలో, ఆ నల్లని కుప్ప రోడ్డులో కలిసిపోతుంది. చెదిరిన గింజలు చక్రం కింద గోలీల వలె దొర్లుతవి. కల్లాలు లేని రైతును నిందించి లాభం లేదు. కాని ఆ రాళ్లకు కాస్త సున్నం పూస్తే పోయేదేముంది? రైల్వే గేటు వద్ద తడిసిన పట్టాలు అద్దం వలె ఉంటవి. పట్టాలను ఏటవాలుగా దాటబోయినవాడు పడతాడు. బండిని నిటారుగా పెట్టి, పట్టాలకు అడ్డంగా, బ్రేకు తాకకుండా దాటినవాడు పడడు. రోడ్డు మీది తెల్లగీతలకూ ఇదే వర్తిస్తుంది.

వెనుకటి కాలంలో వానకు గొంగడి కొప్పెర వేసికొని నడిచేవారు. ఇప్పుడు ఆ స్థానంలో యూరియా సంచి వచ్చింది. నడిచేవానికి కొప్పెర చక్కనిది; బండి నడిపేవానికి అది రెండు పక్కల చూపును కప్పివేస్తుంది. వెనుక కూర్చున్న ఇల్లాలు భర్త తడిసిపోతాడని గొడుగు విప్పి పట్టుకోవడం ఇంకొక వింత. ఆమె ప్రేమను శంకించనక్కరలేదు గాని, ఎదురుగాలికి ఆ గొడుగు తెరచాప అవుతుంది. హెల్మెట్టు సంగతికి వస్తే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం దానిని తప్పనిసరి చేసింది. జనం దానిని పోలీసుకోసం పెట్టుకొనే కిరీటంగానే చూస్తున్నారు. వానలో అద్దం మసకబారుతుందని తీసి చేతికి తగిలించుకొనేవారూ ఉన్నారు. అద్దాన్ని వేలెడు పైకెత్తితే మసక పోతుంది. దానికోసం తలకాయను పణం పెట్టనక్కరలేదు. 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని ప్రభుత్వ లెక్క. వారిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్రవాహనాల మీద పోయేవారే. ఆ ప్రమాదాలలో ఎక్కువభాగం వాన లేని రోజులలోనే జరిగినవి గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. వాన లేని రోజులే ఎక్కువ గదా! ఆత్మకూరు వంటి చోట్ల ఏడాదిలో వాన కురిసే గంటలు ఎన్నో లెక్కపెట్టి చూస్తే ఆ మాటలోని ఓదార్పు మిగలదు.

పిడుగును గురించి ఒక మాట చెప్పి ముందుకు పోవచ్చు. చెట్టు లేని మెట్టనేల మీద ఒంటరిగా పోయే బండి ఎత్తయిన వస్తువే. ఉరుములు దగ్గరపడినప్పుడు ఆగవలసినదే గాని, చింతచెట్టు కింద ఆగరాదు. బడి గది, పంచాయతీ కార్యాలయం - గోడలూ పైకప్పూ ఉన్న పక్కా కట్టడం లోపల ఆగడం మేలు.

ఇంతవరకు చెప్పినదంతా వాన పడే రోడ్డును గురించి. అసలు ప్రాణగండం వాగు.

ఈ సీమలో చాలా వాగులు ఏడాదికి పదినెలలు ఇసుకదారులే. అందుచేత వాటి మీద వంతెనలకు బదులు నేలమట్టపు కాజ్‌వేలు వేసినారు. పదినెలలపాటు అది రోడ్డే. ఆ అలవాటుతోనే కాలు పదకొండవ నెలలో కూడా ముందుకు పోతుంది. మదనాపురం వద్ద ఊకచెట్టువాగు పొంగి కొత్తకోట, ఆత్మకూరుల మధ్య రాకపోకలు నిలిచిపోయిన సందర్భాలు ఎన్నో. ఆ వాగు విషయంలో ఒక విశేషం కూడా ఉన్నది. దాని ఎగువన సరళాసాగర్ ఉన్నది. 1949లో పునాది వేసి 1959లో పూర్తిచేసిన జలాశయం. దానికి మనిషి ఎత్తవలసిన గేట్లు కాక, తమంతట తామే పనిచేసే సైఫన్లు ఉన్నవి. నీరు నిండుమట్టానికి చేరగానే వంపు గొట్టంలోని గాలి బయటికి పోయి, గొట్టం నిండుగా నీరు ఒక్కసారిగా దూకుతుంది. ఇంజనీర్లు మెచ్చుకొనే ఏర్పాటు ఇది, చూడవచ్చేవారికి కన్నులపండుగ. 2019 డిసెంబరు 31న కట్టకు గండి పడినా, తరువాత దానిని మళ్లీ కట్టుకొన్నారు. కాని దిగువన కాజ్‌వే మీద నిలబడినవాని దృష్టితో చూడండి. అక్కడ వాన లేదు. ఆకాశం నిర్మలంగా ఉన్నది. గేటెత్తిన మనిషి ఎవడూ లేడు. అయినా నీరు పెరుగుతుంది. ఎక్కడో ఎగువ ఊళ్లలో నిన్న రాత్రి కురిసిన వాన ఇవాళ మధ్యాహ్నం ఇక్కడికి వస్తుంది. "వాన వెలిసింది గదా" అన్న మాటకు వాగు దగ్గర అర్థం లేదు.

ఎడ్లబండి నాడు ఇట్లాంటి చోట ఒక రక్ష ఉండేది. ఎద్దు మొరాయించేది. పారే నీళ్లలో అడుగు అందకపోతే ఎంత కొట్టినా అది కదలదు. బండివాడు దిగి, కర్రతో లోతు చూచి, ఎవరైనా అవతలి గట్టు నుంచి కేకవేసిన తరువాతనే తోలేవాడు. "ఏరు దాటేదాకా ఏరుమల్లన్న, దాటిన తరువాత బోడిమల్లన్న" అన్న సామెత మనిషి కృతఘ్నతను ఎత్తిచూపడానికి పుట్టినదే అయినా, దాటేదాకా ఆతనికి మల్లన్న పేరు గుర్తుండేదని కూడా చెప్పుతున్నది. మోటారు సైకిలుకు మొరాయించడం తెలియదు. చేయి తిప్పితే నీళ్లలోకైనా దిగుతుంది. ఎద్దుకున్న భయాన్ని కూడా ఇప్పుడు మనిషే భరించవలసి వచ్చింది. ఆ సంగతి ఆతడింకా గుర్తించలేదు.

ఏ వానాకాలంలోనైనా వాగు గట్టున వినిపించే సంభాషణ ఒక్కటే. "ఆగు బిడ్డా, నీళ్లు ఎక్కుతున్నయి" అంటాడు గొర్లు కాచే ముసలాయన. "ఏం గాదు తాతా, ఇట్ల దిగి అట్ల ఎక్కుత" అంటాడు బండి మీది పిల్లవాడు. ఏం గాదు! ఈ రెండు మాటలు కష్టకాలంలో ఈ సీమ ప్రజలను ఎన్నోమార్లు నిలబెట్టినవి. కరువులో, వలసలో, అప్పులో "ఏం గాదు" అని ఒకరికొకరు చెప్పుకొనే బతికినారు. అదే మాట వాగు గట్టున ప్రాణాంతకమవుతున్నది. నీటి తోపుడు వేగంతో సమంగా పెరగదు. వేగం రెట్టింపయితే తోపుడు నాలుగింతలవుతుంది. మోకాటిలోతు నీరు నిలువ ఉంటే దానిలో పిల్లలు ఆడుకొంటారు; అదే నీరు ఉరవడితో పారితే పెద్దమనిషి కాలు నిలవదు. బండి చక్రం ఆ ప్రవాహానికి పళ్లెం వలె అడ్డుపడుతుంది. అడుగున రోడ్డు ఉన్నదో, కోసుకొనిపోయిందో బురదనీటిలో కనిపించదు. 2021 ఆగస్టు చివర యాదాద్రి భువనగిరి జిల్లాలో దోసలవాగు దాటబోయిన ఒక స్కూటరు కొట్టుకొనిపోయి ఇద్దరు యువతులు మరణించారు. వార్త అందరూ చదివినారు. మరునాటి వానకు మళ్లీ అన్ని వాగుల దగ్గరా అదే సంభాషణ వినిపించి ఉంటుంది.

బ్రేకుకు నేర్పు ఉన్నది, మలుపుకు నేర్పు ఉన్నది. పొంగే వాగుకు నేర్పు లేదు. ఆగడమొక్కటే. ఆగడం పిరికితనమనుకొనేవారు రామాయణాన్ని గుర్తుతెచ్చుకొనవచ్చు. సీత జాడ తెలియక కుమిలిపోతున్న రాముడు, వాలిని చంపి సుగ్రీవునికి పట్టం కట్టిన తరువాత, వెంటనే సేనను నడపలేదు. వర్షాకాలం గడిచేదాకా ప్రస్రవణ పర్వతం గుహలో కాచుకొని కూర్చున్నాడు. ఆయనకంటె తొందరపడవలసిన కారణం ఉన్నవాడెవడు? ఆయనను పిరికివాడన్నవాడూ లేడు. వాన వెలిసి దారులు ఆరిన తరువాత కూడా కదలకుండా భోగాలలో మునిగిన సుగ్రీవుని మీదనే ఆగ్రహం కలిగింది. వాననాడు ఆగినవాడు వేరు, వాన పేరు చెప్పి పని ఎగవేసినవాడు వేరు. రాముడు ఈ తేడాను ఎరిగినవాడు. సన్యాసుల చాతుర్మాస్యం, బౌద్ధభిక్షువుల వర్షావాసం కూడా ఇటువంటి తెలివితోనే ఏర్పడినవి. ఈ దేశం వానలో ఆగడాన్ని ఒక వ్రతంగా గౌరవించింది.

అయితే రాముని మీద హాజరుపట్టీ ఉంచిన అధికారి లేడు. అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. వాగు గట్టున ఆగవలసిన మనిషి ఎవరు? తొమ్మిది గంటలకు బడిలో ఉండకపోతే సంజాయిషీ ఇచ్చుకోవలసిన ఉపాధ్యాయుడు. ఒకపూట రాకపోతే కూలి కోతపడే జిన్నింగుమిల్లు పనివాడు. పొద్దున పాలు పోయకపోతే ఆ పాలు విరిగిపోయే రైతు. ప్రసవం కబురు వచ్చిన ఆశా కార్యకర్త. వీరిలో ఎవరూ సాహసం కోసం వాగులో దిగరు. గడియారం వెనుక నుంచి తోస్తే దిగుతారు. యువకులకు తెగువ ఎక్కువైందని ప్రతి వానాకాలంలో ఉపన్యసించే పెద్దలు, తమ కార్యాలయాలలో, తమ పాఠశాలలలో, తమ మిల్లులలో వాననాటి ఆలస్యాన్ని మన్నిస్తున్నారా అన్నది కూడా అడుగవలసిన ప్రశ్న. వాగు పొంగినరోజున గంట ఆలస్యంగా వచ్చినవాని హాజరుకు గీత పెట్టని పై అధికారి, రహదారి భద్రతా వారోత్సవాలలో పది ఉపన్యాసాలు ఇచ్చినవానికంటె ఎక్కువమందిని కాపాడుతాడు.

ప్రభుత్వం చేయవలసినది వంతెన. అందులో వాదన లేదు. కాని ఒక వంతెన మంజూరై, టెండరై, పూర్తయ్యేలోపల ఎన్ని వానాకాలాలు వచ్చిపోతవో ఈ సీమవారికి అనుభవమే. అంతదాకా చేయదగినది స్వల్పం, చవుక. ప్రతి కాజ్‌వేకు రెండు చివరలా ఒక రాతికంభం నిలపవచ్చు. రోడ్డు మట్టం నుంచి జానెడు ఎత్తు వరకు తెల్లరంగు, ఆపైన ఎర్రరంగు పూయవచ్చు. తెలుపు మునిగి ఎరుపును నీరు అంటితే బండీ లేదు, మనిషీ లేదు. అడ్డంగా తాడు కట్టవలె. చదువు రానివానికి కూడా ఆ రంగు అర్థమవుతుంది. రాత్రివేళ పోయేవానికి కనబడేటట్లు దానిమీద వెలుగు తిప్పికొట్టే పట్టీ ఒకటి అతికించవచ్చు. ఎగువన చెరువో సైఫనో పారిందన్న కబురు దిగువ ఊళ్లకు చేరవేయడానికి ఇప్పుడు డప్పు కూడా అక్కరలేదు. ఊరూరా సెల్‌ఫోన్లు ఉన్నవి. తాడు కట్టే మనిషికి వానాకాలం మూడు నాలుగు నెలలు పంచాయతీ కొంత కూలి ఇవ్వవలసి ఉంటుంది. ఊరి జాతరకు చేసే ఖర్చుతో పోల్చితే అది పెద్దది కాదు. ఇక ఆ కంభం ఎక్కడ నిలపవలెనన్నది ఇంజనీరును అడుగనక్కరలేదు. ప్రతి ఏడూ నీరు ఎక్కడిదాకా వస్తుందో గొర్లు కాచే ఆ ముసలాయనకు తెలుసు.